ఖరగ్‌పూర్‌లో విజయవాడ చంద్రుడు

మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లం మూడు తరాలుగా ఇక్కడి నీళ్లే తాగుతున్నాం, ఇక్కడి చేపలే తింటున్నాం. చంద్రుణ్ణి మాత్రం విజయవాడ నుంచి తెప్పించుకుంటాం.

ఏటా చుట్టాలెవరో అక్కడ అచ్చయిన క్యాలెండర్ ఒకటి తెచ్చి ఇస్తారు. వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడే ఆ కాగితంలో చంద్రోదయం ఎప్పుడని ఉంటే మా ఆడవాళ్లకు చంద్రుడు అప్పుడే వచ్చినట్టు. ఆ వ్యవహారంలో ఆకాశానికి ఏ సంబంధమూ లేదు.

మొన్నటి అట్లతద్దికి మా ఆవిడ ఉపవాసం ఉంది. షుగరు మనిషి. కిందటేడు ఈ పండక్కే కళ్లు తిరిగి తులసికోట దగ్గర కూలబడింది. అయినా వింటేనా? తెల్లారకముందు ఇంత చద్దన్నం తిన్నదే, తర్వాత మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రానికి చేతులు వణుకుతున్నాయి. అట్లు పోసి, మూతపెట్టి, గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుంది.

అంతలో నిమ్‌పురా రైల్వే యార్డు దీపాల పక్కన, ఓ అంచు తరిగిన చంద్రుడు ఎర్రగా లేచాడు. ముందు చూసింది పక్కింటి బెంగాలీ దీదీ.

"ఓ బౌదీ, చాంద్ ఉఠే గేఛే!" అని గోడ మీంచి కేకేసింది.

"విన్నావా? వచ్చేసినాడు. లే, తిను," అన్నాను.

మా ఆవిడ చంద్రుణ్ణి చూసింది. తల తిప్పి క్యాలెండర్‌ని చూసింది. "ఇంకా అరగంట పైనే ఉందండీ. అది ఆళ్ల సెందురుడు. మనోడు ఇంకా రాలేదు."

నాకు ఒళ్లు మండింది. బడి ముఖం పెద్దగా చూడకపోయినా, వర్క్‌షాపు పని దిగాక పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేను చదువుకున్నవాణ్ణి. బత్తాయి, టార్చిలైటు తెచ్చి గుమ్మంలోనే పాఠం మొదలెట్టాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది, తూర్పున ఉన్న ఊరికి చంద్రుడు ముందు కనబడతాడు, మనం విజయవాడకు బాగా తూర్పున ఉన్నాం, గడియారం మాత్రం దేశమంతా ఒకటే.

"మరి నిన్న పెందలాడే వచ్చినాడు, ఇయాల ఆలీసెం. ఆడికే ఓ టైం లేదు. ఆణ్ణి నమ్మమంటారేటి?"

"వాడు ఊరికే నిలబడడే! మనం ఓ చుట్టు తిరిగొచ్చేలోగా వాడు కాస్త ముందుకు జరుగుతాడు. అందుకోడానికి మనం ఇంకాస్త తిరగాల. అందుకే రోజూ ఆలీసెం."

ఆవిడ బత్తాయిని పక్కకు నెట్టి, విజయవాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఇక్కడింకా రాలేదక్కా," అంది చెల్లెలు.

"విన్నారా?" అంది మా ఆవిడ.

నేను ముందు పెట్టిన మంచినీళ్ల గ్లాసు పక్కకు జరపబోయి ఒలకబోసింది. ఇక శాస్త్రం కట్టిపెట్టాను.

"ఏటే, హౌరాలో బయల్దేరిన మద్రాసు మెయిలు ముందు ఎక్కడికొస్తాది?"

"ఇక్కడికే."

"విజయవాడకో?"

"మర్నాటికి."

"మరి బండి మన ప్లాట్‌ఫారం మీద ఆగుంటే, విజయవాడ టైం అవలేదని ఎక్కకండా కూకుంటావేటి?"

రైల్వే కూలీ కూతురు, రైల్వే ఫిట్టరు పెళ్లాం. చంద్రుడి వంక చూసి, గోడ పట్టుకుని లేచింది. "ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి? మజ్జిన బత్తాయేటి, బేటరీ లైటేటి!"

నిజానికి నేను చెప్పింది తప్పు. ఆ పూటకు చంద్రుడు ఆగి ఉన్న బండి. భూమితో పాటు ప్లాట్‌ఫారమే తిరుగుతూ దాని దగ్గరికి వెళుతుంది. చెబితే వ్యవహారం మళ్లీ మొదటికి వస్తుంది. ఇన్నేళ్ల చదువునూ మింగి ఊరుకున్నాను.

ఆవిడ పూజ చేసి, ఓ అట్టు తిని, రెండోది చేతిలో ఉండగానే మళ్లీ ఫోన్ తీసింది.

"సెల్లీ, ఇక్కడ దాటేసినాడు. మీ దిక్కే వస్తన్నాడు, పెనం ఎక్కించు."

"నీకెవులు సెప్పినారక్కా?"

మా ఆవిడ నా వైపు ఓసారి చూసింది.

"ఒకలు సెప్పడమేటి? క్యాలెండర్లోనే ఉంది కదా!"