వియ్యాలవారి బంతిలో ఒక పేరు

పెన్‌పహాడ్ చుట్టుపక్కల ఎవరింట్లో పెండ్లి కుదిరినా ముందు నాంచారమ్మకు కబురు పోయేది. పసుపు దంచేటప్పుడు ఏ పాట, భోజనాల బంతిలో వియ్యాలవారిని ఆటపట్టించేది ఏ పాట, అన్నీ ఆమే వరస కట్టుకునేది. యాభై ఏళ్ల మనిషి, నాట్లు వేసే కూలి. అక్షరం ముక్క రాదు గానీ పాట మొదలుపెడితే పందిట్లో ఎవరూ లేచేవారు కాదు.

1949 వైశాఖంలో కాటయ్య కూతురి పెండ్లి. ఊరి బయట పోలీసు క్యాంపు పడి అప్పటికి నాలుగు నెలలు. డప్పు మోగితే దొరల మీద తిరగబడిన సంఘం వాళ్లకు సైగ చేసినట్టేనని డప్పులు బందు చేశారు. సూర్యాపేట సన్నాయి మేళం రావడానికి జంకింది.

"అక్కా, మేళం లేకుంటే సుట్టాలు గంట సేపు గూడ కూసోరు. నువ్వే నిలబెట్టాలె" అన్నాడు కాటయ్య.

"పరేషాన్ గాకు తమ్మీ, నేను సూసుకుంట."

అట్లా అన్నది గానీ ఆమెకు వేరే భయం ఉంది. పెండ్లికొడుకుది త్రిపురారం. ఆ వైపు నుంచి జవాబు పాడేది సత్తెమ్మ. మూడేళ్ల కింద మిర్యాలగూడ పెండ్లిలో పాటల పోటీ ముదిరి, నాంచారమ్మ సత్తెమ్మ అల్లుడు నాగయ్య పేరెత్తింది. ఆరేండ్లయినా ఊయల కట్టని ఇల్లని పాడింది. బంతంతా నవ్వింది. సత్తెమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తాళి కట్టడం అయింది. మధ్యాహ్నం మగపెండ్లివారు బంతికి కూర్చున్నారు. వాళ్ల మధ్య తలపాగా చుట్టుకున్న మనిషిని నాంచారమ్మ చూడగానే పోల్చుకుంది. కాటయ్య పెద్దకొడుకు సైదులు. ఏడాది కింద సంఘంలో చేరి ఇల్లు విడిచినవాడు, చెల్లెలి పెండ్లి చూడాలని వచ్చి మగపెండ్లివారిలో కలిసి కూర్చున్నాడు. క్యాంపు వాళ్లకు అతని పేరు తెలుసు గానీ ముఖం తెలియదు.

అన్నం వడ్డిస్తుండగానే పోలీసులు పందిరిని చుట్టుముట్టారు. వడ్డించే చేతులు ఆగిపోయాయి. పరుగెత్తితే కాలుస్తారు, పోయిన నెల పక్క ఊళ్లో అదే జరిగింది. బంతి చివర ఒకతను సగం లేచాడు. నాంచారమ్మ గొంతెత్తింది.

"బంతిల కూసున్న ఓ బావగారో, నెయ్యి గిన్నె దాటి పోతవెందుకో!"

ఎవరో నవ్వారు. అతను కూలబడ్డాడు.

పోలీసుల జమాదారు కోదాడ వైపు మనిషి. చేతిలో పేర్ల కాగితం ఉంది.

"ఆపకండి. మా ఊళ్లోనూ బంతిపాటలో ఒక్కొక్కరి పేరు పెట్టి పాడతారు. అట్లాగే పాడండి. ఎవరెవరు వచ్చారో మేమూ వింటాం" అన్నాడు.

ఆమె ఒక్కొక్కరి పేరే పాడసాగింది. సత్తెమ్మ జవాబు పాడుతోంది. ప్రతి పేరుకూ జమాదారు ఒకసారి కాగితం, ఒకసారి ముఖం చూస్తున్నాడు. సైదులు ఏడోవాడు.

లేని పేరు పెడితే త్రిపురారం ఆడవాళ్లు తెల్లబోతారు. వాళ్లకు తెలిసిన పేరు కావాలి, ఆ మనిషి ఇక్కడ ఉండకూడదు. కామెర్లయి రాలేదని పొద్దున విన్నది ఒక్కడి గురించే. మూడేళ్లుగా ఆమె ఎత్తని పేరు అది.

"తలపాగ సుట్టిన ఓ నాగయ్యా, అత్తసాటున దాగి తింటవేమయ్యా!"

ఎవరూ నవ్వలేదు. సత్తెమ్మ ఆమె వైపు చూసింది.

"జవాబు లేదేం? ఇతను మీవాడు కాదా?" అన్నాడు జమాదారు.

సత్తెమ్మ కూరగిన్నె చేతిలోకి తీసుకుంది.

"దాగి తినెటోడు గాదు మా నాగయ్య, అడిగి పెట్టించుకుంటడు మా నాగయ్య!" అని పాడుతూ బంతి మధ్యకు నడిచింది. సైదులు విస్తరిలో తన చేత్తో వడ్డించింది. "సిగ్గేంది అల్లుడా, తిను."

సైదులు ముద్ద కలిపాడు.

మిగిలిన పేర్లు అయిపోయాయి. జమాదారు కాగితం మడిచి కాటయ్య చెయ్యి పట్టుకున్నాడు. "కొడుకెక్కడున్నాడో క్యాంపులో చెబుదువుగాని, పద."

సైదులు కదిలాడు. సత్తెమ్మ చెయ్యి అతని భుజం మీద బలంగా పడింది. కాటయ్య ఆ వైపు చూడనైనా చూడకుండా చెప్పులేసుకుని వాళ్ల వెంట నడిచాడు.

బండ్లు కట్టేటప్పుడు నాంచారమ్మ సత్తెమ్మ దగ్గరకు వచ్చింది. "సత్తెక్కా, ఆనాడు నేను..."

"గది నేను మరువలే," అన్నది సత్తెమ్మ. "నీ కోసం పాడలే. పిల్లగాడు సస్తడని పాడిన."

సైదులు త్రిపురారం బండ్లలోనే ఊరు దాటాడు. నాలుగో రోజు కాటయ్య ఇంటికొచ్చాడు. క్యాంపులో కొడుకు మాట బయటపెట్టలేదు. వాచిన అరికాళ్లకు నాంచారమ్మ వేడి నీళ్లతో కాపడం పెడుతుంటే అడిగాడు:

"బిడ్డను సాగనంపేటప్పుడు పాట ఎవలు పాడిన్రక్కా?"

"నా గొంతు రాలే తమ్మీ. సత్తెక్క ఎత్తుకున్నది. ఎనుక నేను గలిసిన."

కాటయ్య కళ్లు మూసుకుని, "జర ఇప్పుడు పాడు, నేను వినలే" అన్నాడు.