వేడెక్కని గడప

పోయిన నెల ఒక పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడప్పా. నిద్రలోనే పోయినాడు," అని చెప్పి పెట్టేసింది. ఆయన నాకు మేనమామ. రాయదుర్గంలో మీలో చాలామందికి మాత్రం ఎర్ర కారాయన. ఆ కారు సంగతి చెబితేనే ఆయన సంగతి చెప్పినట్టు.

మామకు జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ ఉండేది. తొంభైల చివర్లో, వానల్లేక చేలు ఎండిపోతున్న కాలంలో, బెంగళూరులో ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారును ఇంటికి తెచ్చాడు. నేలకు జానెడెత్తు, సీట్లు రెండే. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. "మాకు పిల్లల్లేకపాయ. ఇద్దరికీ ఎన్ని సీట్లు కావాలప్పా?" అన్నాడు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

అందులో కూర్చోవాలంటే తలుపు కింద వెడల్పాటి అంచు ఒకటి దాటాలి. అత్త దాన్ని గడప అంది. గడప అన్నాక ఆమె పసుపు రాయకుండా ఉంటుందా? ప్రతి శుక్రవారం రాసేది. ఆ అంచు కిందుగానే సైలెన్సర్ గొట్టం పోతుంది కాబట్టి, కారు ఒకసారి బయటికి పోయి వస్తే చాలు, పసుపు మాడి పెచ్చులూడేది. లోపల కూర్చున్నవాళ్లకు కాళ్ల కింద పొయ్యి పెట్టినట్టే.

ఒకసారి గుమ్మఘట్టలో పెళ్లికి పోయి దిగుతుంటే అత్త పిక్క ఆ గడపకు తగిలి బొబ్బలెక్కింది. "నీ కారులో నువ్వే ఊరేగు. నాకు బస్సు ఉండాది," అంది. అన్నంత పనీ చేసింది. ఏ ఊరికి పోయినా ఆమె బస్సులో, మామ ఆ బస్సు వెనకాలే కారులో. బస్సు ఆగిన చోటల్లా ఆయనా ఆగేవాడు. చూసేవాళ్లకు అదొక వేడుక. ఆయనా నవ్వేవాడు గానీ, ఖాళీ సీటు మీద ఒక చెయ్యి వేసి నడిపేవాడు. నాకు జాలేసేది.

ఆమెను మళ్లీ ఎక్కించుకోవాలన్నదే ఆయన పట్టుదల. మొదట, నీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టే తెలివితో గొట్టానికి తడి గోనెపట్ట చుట్టాడు. ఊరు దాటక ముందే కారు నిండా ఆవిరి. ఆయనా, పక్కన కూర్చున్న నేనూ ఇడ్లీల్లా ఉడికి దిగాం. తర్వాత గడప లోపలి బోలులో యూనిట్‌లో మిగిలిన గుడ్డపీలికలు కుక్కాడు. గుమ్మఘట్ట దారిలో అవి రాజుకొని పొగ లేచింది. ఎక్కడినుంచో నీళ్లు మోసుకొస్తున్న ఒకామె, అడగకముందే బిందె మొత్తం దాని మీద గుమ్మరించింది. తాగే నీళ్లు కదమ్మా అని మామ నొచ్చుకుంటే, మనిషి కంటే ఎక్కువనా అంది. మరుసటి రోజు మామ అత్త ఎక్కడం మానేసిన సీట్లో నిండు బిందె పెట్టుకొని పోయి ఆమె ఇంట్లో ఇచ్చి వచ్చాడు.

ఆ పొగ ఆరిన తర్వాత ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "వేడిని మూట కడితే మననే కాలుస్తాది రా. దానికి దారి ఇయ్యాల."

ఈసారి తొందరపడలేదు. గొట్టానికి నిప్పుకు కాలని పట్టీ చుట్టించాడు. గొట్టానికీ గడపకూ నడుమ రేకు బిగించి, రెండు వైపులా వేలెడు సందు వదిలాడు, ముందు దూరిన గాలి వెనక పోయేటట్టు. అడుగున ఉన్న బెజ్జాలు మూసి, కాళ్ల కింద వేడినాపే మందపాటి పట్టా పరిచాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కారు చాలాసేపు తిప్పుకొచ్చి అత్తను పిలిచాడు. గడప మీది పసుపు రాసింది రాసినట్టే ఉంది. అత్త చేతి వెనక తట్టు ఆనించి చూసింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఎక్కి కూర్చుంది. ఎక్కడికని అడగకుండా మామ కారు పోనిచ్చాడు. ఆ పూట యూనిట్ తాళం తీసేవాడు లేక, అన్నాలకు పోయి వచ్చిన కుట్టేవాళ్లంతా సాయంత్రం దాకా బయటే కూర్చున్నారు.

అప్పటినుంచి ఆయనకు 'దారి ఇయ్యాల' అన్న ఆ మాట అన్నిటికీ పనికొచ్చింది. ఎవరైనా కోపంగా వస్తే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, చివరిదాకా అడ్డు తగలకుండా వినేవాడు. వాళ్లు పోయాక, దారి ఇస్తిని, పాయ, అనేవాడు. నా సంసారంలో ఎన్ని తగాదాలు ఆ మాటతో చల్లారాయో నా భార్యకు తెలుసు. ఆ రుణం తీరేది కాదు.

దినాలయిన మరుసటి రోజు అత్త కారు దగ్గరికి వచ్చింది. అలవాటుగా గడప మీద చెయ్యి ఆనించింది.

"సల్లగా ఉండాది. ఒక్కసారి స్టార్ట్ చెయ్యప్పా," అంది. "కొంచెం వేడి రానీ."

స్టార్ట్ చేశాను. అత్త తన సీట్లో కూర్చొని, తలుపు తెరిచే ఉంచి, గడప మీద అరచెయ్యి పెట్టి ఎదురుచూసింది. ఇంజన్ చాలాసేపు ఆడింది. మామ పని గట్టిది. వేడి రాలేదు. అత్త చెయ్యి తియ్యలేదు.