తత్సుయే వంకరగా విసిరిన గాలం

నినోమియా సముద్రపు ఒడ్డున తత్సుయే అంత నేరుగా గాలం విసిరేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా ఆ మాట ఆమెకు ఇంటిపేరులా అంటుకుపోయింది. పగలంతా స్టేషన్ పక్క కొట్లో చేపముద్దలు ఆవిరి మీద ఉడికించే పని. తెల్లవారుజాము మాత్రం సముద్రానిది. గేదె కొమ్మును చిటికెన వేలంత విల్లులా చెక్కి, దానికి ముల్లు బిగించి, సీసం గుండుతో పాటు దూరంగా విసిరి గబగబా చుట్టేది. నీళ్లలో ఆ కొమ్ము గిరగిరా తిరుగుతూ వస్తుంటే, పారిపోతున్న నెత్తళ్లనే చిన్న చేపలనుకుని కానాగంతలు వెంటపడతాయి.

ఆ వేళకి నీటికీ ఆకాశానికీ మధ్య గీత ఇంకా పడి ఉండదు. పడమట ఫూజీ కొండ ఉందో, ఎవరైనా ఉందని చెప్పగా విన్నామో తెలియనంత పల్చగా ఉంటుంది. అల వెనక్కి పోతుంటే గులకరాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నిద్రలో ఎవరో మాట్లాడినట్టు గొణుగుతాయి. ఆ గొణుగుడులో తత్సుయేకి ఆరేళ్లుగా ఒకటే వినిపించేది: చెప్పెయ్, చెప్పెయ్.

చెప్పాల్సింది హిసానోకి. చిన్ననాటి నుంచీ ప్రాణస్నేహితురాలు.

కానాగంత బతికుండగానే కుళ్లే చేప, పట్టిన వెంటనే మెడ విరిచి రక్తం కార్చాలి అని ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. ఆరేళ్ల కిందట ఒక పొద్దున, గుంపు ఒడ్డుకి బాగా దగ్గరగా వచ్చినప్పుడు, తత్సుయే ఆశకు పోయింది. ఇంకొక్కటి, ఇంకొక్కటే అంటూ విసురుతూనే ఉంది. పట్టినవి ఎండకి రాళ్ల మీద ఎగిరెగిరి వాటంతటవే ఆగిపోయాయి. వాటిలో మూడు హిసానోకి ఇచ్చింది. హిసానో ఉప్పు పట్టించి, వెనిగర్‌లో ఊరబెట్టి భర్తకు పెట్టింది. ఆయన ఒళ్లంతా దద్దుర్లెక్కి రెండు రోజులు ఆస్పత్రిలో పడుకున్నాడు.

"నీ చేపలే," అంది హిసానో.

"నీ ఉప్పు చాల్లేదు," అంది తత్సుయే, నలుగురూ వింటుండగా.

అంతే. ఊళ్లో ఎదురైతే హిసానో వీధి మార్చేది. ఒడ్డున మాత్రం ఇద్దరూ నిలబడేవారు, మధ్యలో పదిమంది ఎడంతో.

ఒక శుక్రవారం ఓతకి అనే మంగలి తన గాలం చుట్టుకుంటూ కబురు మోసుకొచ్చాడు. "విన్నావా తత్సుయే-సాన్? హిసానో-సాన్ భుజం అరిగిపోయిందట. ఇక విసరొద్దన్నాడట డాక్టరు. ఈ ఆదివారమే ఆఖరు."

"నాకెందుకు చెప్తున్నావు?"

"నీకు కాక సముద్రానికి చెప్పనా?"

ఆదివారం తత్సుయే నేరుగా వెళ్లి హిసానో పక్కనే నిలబడింది. హిసానో కళ్లు తిప్పలేదు. తత్సుయే మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ సీసం గుండు ముడి సరిచూసుకుంటూ మూసేసింది. పొగమంచు మాత్రం ఇద్దరినీ ఒకే దుప్పటిలా కప్పింది.

ఇంతలో పక్షులు నీటి మీదకి దూకాయి. నీళ్లు మరిగినట్టు కుతకుతలాడాయి. "వచ్చాయి!" అని ఓతకి కేక. ఒడ్డు పొడుగునా గాలాలు లేచాయి.

ఆ ఒడ్డుకొక కట్టుబాటుంది. ఇద్దరి గాలపు తీగలు చిక్కుపడితే తప్పెవరిదైనా సరే, ఇద్దరూ తల వంచి తప్పు తనదేనని అనాలి. అనకుండా ముడి మీద చెయ్యి వెయ్యరు. ఆ చిక్కుకి వాళ్లు పెట్టుకున్న పేరు పండగ.

తత్సుయే ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత, ముప్పై ఏళ్లలో మొదటిసారి, వంకరగా విసిరింది. సీసం గుండు హిసానో తీగకు అడ్డంగా వెళ్లి పడింది.

"పండగ! పండగ!" అరిచాడు ఓతకి. "కలగంటున్నావా తత్సుయే-సాన్? ముప్పయ్యేళ్ల పరువు ఒక్క విసురుతో గంగలో కలిసింది!"

"నువ్వు దిద్దే క్రాపుల కంటే నేరుగానే పడిందిలే!"

రెండు తీగలూ ఒకే ముద్దగా ఒడ్డుకొచ్చాయి. హిసానో బిగుసుకుని తల వంచింది. "క్షమించాలి. తప్పు నాదే."

"క్షమించాలి, తప్పు నాదే," అంది తత్సుయే. తల ఎత్తలేదు. "ఈ తప్పు కాదు. ఆ చేపలు. మెడలు విరవలేదు. ఇంకా పడతాయని అలాగే వదిలేశా. నీ ఉప్పు సరిగ్గానే ఉంది."

ముడి మీద హిసానో వేళ్లు ఆగాయి.

"తెలుసు," అంది. "మర్నాడు కోస్తుంటేనే వాసన తగిలింది."

"మరి పారెయ్యలేదేమే?"

"పారేస్తే నువ్వు నొచ్చుకుంటావని. వెనిగర్‌లో ఇంకో గంట ఉంచితే సర్దుకుంటుందిలే అనుకున్నా. మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. తప్పంతా నీదేనన్న వాళ్ల దగ్గర నోరు మూసుకున్నా, తత్చాన్," అంది, చిన్నప్పటి పిలుపుతో.

చుట్టూ కానాగంతలు వెండి రేకుల్లా గాల్లోకి లేస్తున్నాయి. తత్సుయే గబగబా కత్తి తీసింది. "ముడి కోసేస్తానుండు. ఇది నీ ఆఖరి రోజు, గుంపు దాటిపోతుంది."

హిసానో ఆ కత్తిని మెల్లగా పక్కకి నెట్టి, తడి రాళ్ల మీద కూర్చుంది. ముడిని ఇద్దరి ఒళ్ల మధ్యా పరిచింది. మంచు తూర్పుకి జరుగుతోంది, పక్షులూ దానితోనే.

"గుంపు పోయింది అమ్మలూ!" అని దూరం నుంచి ఓతకి అరిచాడు.

"పోనీ," అంది హిసానో, తల ఎత్తకుండానే. "నీ వైపు కొస పట్టుకో. లాగకు."