లిస్బన్‌లో ఎండు చేపల కొట్టు

2023 ఆగస్టు. రాజమండ్రిలో ముసురు పట్టి మూడు రోజులైంది. దానవాయిపేటలో ఒక మేడ మీద మా ట్రావెల్ ఆఫీసు. ఇరవై రెండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. విదేశాలు చూడాలనుకునేవాళ్ళకు టికెట్లు, హోటళ్ళు, వీసా కాగితాలు సిద్ధం చేసి పంపడం నా పని. డాక్టర్లు, కడియం నర్సరీల వాళ్ళు, రిటైరైన లెక్చరర్లు వస్తుంటారు. యూరప్ అంటే అందరిదీ ఒకటే పాట: పారిస్‌లో ఇనప టవరు, స్విట్జర్లాండ్‌లో మంచు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ పాట అప్పజెప్పేస్తాను. నేను మాత్రం విమానం ఎక్కి ఇంతవరకూ మద్రాసు దాటలేదు. ఈ సంగతి కస్టమర్లకు చెప్పను.

ఆ ముసురులో యానాం నుంచి బస్సెక్కి మంగమ్మగారు వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి, చంకలో ప్లాస్టిక్ కవరుతో లోపలికి వచ్చారు. యానాం మార్కెట్లో ఆవిడకు ఎండు చేపల కొట్టుంది. ఉప్పు చేప, ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు అమ్ముతారు. ఆ వాసన ఆవిడతోపాటే వచ్చింది. తలుపులు మూసిన ఏసీ గదేమో, గట్టిగా తగిలింది.

"లిస్బన్ ఎల్లాలండి మేడంగారూ," అన్నారు కూర్చుంటూనే.

"లిస్బనా? అందరూ పారిస్ వెళ్తారు కదండీ. అది చూసుకుని, పక్కనే స్విట్జర్లాండ్..."

"అయ్యి వద్దండి. లిస్బన్ ఒక్కటే."

కవరులోంచి రెండు పాస్‌పోర్టులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి కొత్తది. రెండోది గడువు తీరిపోయింది. పేజీలన్నీ తిప్పాను, ఒక్క ముద్ర కూడా లేదు. ఆవిడ భర్త వీర్రాజుగారు సరుకు ఓడల్లో కళాసీగా పనిచేసేవారట. ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే. ఉద్యోగం మానేశాక ఇద్దరూ కలిసి లిస్బన్ చూసి రావాలని భార్యకు ఆ పాస్‌పోర్టు తీయించారు. ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది అనుకుంటూండగానే, ఆరేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. పాత పాస్‌పోర్టుకు గడువు తీరితే ఆవిడే తిరిగి కొత్తది తీయించుకున్నారు.

"అక్కడేం చూడాలనుకుంటున్నారు?" అని అడిగాను, ఒక కన్ను కంప్యూటరు మీదే పెట్టి.

"నది ఒడ్డున పెద్ద చౌకు ఉంటదంటండి. దాని ఎనకాల వీధిలో ఎండు చేపల కొట్టు. పెద్ద పెద్ద చేపలు చెక్కల్లాగ పేర్చి ఉంటాయంట. అది చూడాలండి."

నవ్వు ఆపుకున్నాను. ఎండు చేపలు చూడటానికి అంత దూరం పోయే మనిషిని నా సర్వీసులో చూడలేదు. "అలాగే చూద్దురుగాని. కానీ వీసావాళ్ళతో ఆ మాట అనకండి. నమ్మరు," అన్నాను. ఆవిడ బుద్ధిగా తల ఊపారు. ఆవిడ మెట్లు దిగాక గదంతా రూమ్ ఫ్రెషనర్ కొట్టాను.

మా పనిలో ఐటినరీ అని ఒకటుంటుంది. ఏ రోజు ఏ చోటు చూస్తారన్న పట్టిక. దానితోపాటు కవర్ లెటర్, అంటే ఎందుకు వెళ్తున్నారో ఎంబసీకి రాసే ఉత్తరం. రెండూ నా దగ్గర అచ్చు పోసి ఉంటాయి. పేరు, ఊరు మార్చడమే. మంగమ్మగారికి నాలుగు రోజుల ఐటినరీ తయారు చేశాను: మొదటి రోజు కొండ మీది కోట, రెండో రోజు బెలెం బురుజు, మఠం, మూడో రోజు మ్యూజియాలు, నాలుగో రోజు రాజప్రాసాదం. కవర్ లెటర్లో ఆవిడకు యూరప్ వాస్తుకళ మీద ఎంతో ఆసక్తి అని రాసేశాను. ఎండు చేపల కొట్టు ఎక్కడా లేదు.

ఆవిడకు తోడుగా వెళ్ళేది చెల్లెలి కూతురు దుర్గ. కాకినాడలో స్కూలు టీచరు. హైదరాబాద్ వీసా కేంద్రంలో ఇద్దరి కాగితాలూ ఇచ్చి వచ్చారు. పది రోజుల తర్వాత ఎంబసీ నుంచి ఫోన్ వచ్చింది. ఒక్కోసారి అలా ఫోన్ చేసి రెండు ముక్కలు అడుగుతారు. దుర్గ పక్కన కూర్చుని తెలుగు చేసి చెప్పింది. బెలెం బురుజు గురించి మీకేం తెలుసని అడిగారట. మంగమ్మగారు నోరు తెరవలేదు. పోనీ మ్యూజియాల్లో ఏది ముఖ్యంగా చూడాలని ఉందని అడిగారట. చివరికి, "మరైతే మీరు లిస్బన్ ఎందుకు వెళ్తున్నారమ్మా?" అన్నారట ఆ ఆఫీసరు. ఆ మాట మెత్తగానే అడిగారని దుర్గ చెప్పింది. అప్పటికీ ఆవిడ మాట్లాడలేదు.

వీసా రాలేదు. ప్రయాణం ఉద్దేశం నమ్మదగినట్టుగా లేదని కాగితం వచ్చింది. రిఫ్యూజల్ అంటే మా వృత్తిలో పెద్ద మచ్చ. మంగమ్మగారు ఆఫీసుకు వచ్చేసరికి, ఆ కోపమంతా ఆవిడ మీద చూపించడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"నాలుగు పేర్లు చెప్పలేకపోయారా మంగమ్మగారూ? నేను కాగితం మీద రాసి మరీ ఇచ్చాను కదా!"

"నోరు తిరగలేదండి."

"పోనీ, ఎందుకు వెళ్తున్నారంటే ఏదో ఒకటి చెప్పాల్సింది."

"చెప్పడానికి ఉన్నది ఒక్కటేనండి. అది చెప్పొద్దన్నారు కదండి మీరు. చెప్పలేదు."

నిష్ఠూరంగా కాదు, నాకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానన్నట్టు చెప్పారు. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆరేళ్ళుగా ఒక్క కోరిక పట్టుకుని ఉన్న మనిషి, ఆ కోరిక బయటపెట్టే సమయం వస్తే నా మాట మీద నోరు కట్టేసుకుంది. కంప్యూటరు కట్టేసి, కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"ఆ కొట్టు సంగతి మొదట్నుంచీ చెప్పండి. నాకు తొందరేం లేదు."

ఓడ లిస్బన్‌లో ఆగినప్పుడల్లా తోటి కళాసీలు ఊరి మీద పడి తిరిగేవారట. వీర్రాజుగారు మాత్రం ఆ కొట్టు ముందుకు వెళ్ళి నిలబడేవారు. కొట్టువాడు మొదట్లో కొంటాడేమో అనుకుని పలకరించేవాడు, తర్వాత తర్వాత తల ఊపి ఊరుకునేవాడు.

"ఇంటికొచ్చినప్పుడల్లా అదే మాటండి. 'ఆ కొట్టు ముందు నిలబడితే నీ పక్కన నిలబడ్డట్టే ఉంటది మంగా, అచ్చం నీ కొట్టు వాసనే' అనేవోడు. నేను నవ్వేసేదాన్ని. మల్లెపూల వాసనకి పెళ్ళాన్ని తలుచుకునేవోళ్ళుంటారు గానీ ఉప్పు చేప వాసనకి తలుచుకునేవోడు నువ్వొక్కడివే అని ఎక్కిరించేదాన్నండి."

నవ్వబోయి ఆగిపోయారు. పైట చెంగుతో ముక్కు తుడుచుకున్నారు.

"ఆయన కోసం నేను బెంగపెట్టుకున్న చోట్లన్నీ నాకు తెలుసండి. రేవు కాడ, పోస్టాఫీసు కాడ, మా వంటగదిలో. నాకోసం ఆయన బెంగపెట్టుకున్న చోటు ఒక్కటీ నేను చూళ్ళేదండి. అది చూడాలి. అంతే."

ఆ మాటలే కవర్ లెటర్‌గా తెలుగులో రాశాను. ఆవిడ సంతకం పెట్టారు. దుర్గ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. యూరప్ వాస్తుకళ ఎగిరిపోయింది. ఐటినరీ కూడా మళ్ళీ రాశాను: నాలుగు రోజులూ పొద్దున్నే ఎండు చేపల కొట్టు, ఆ తర్వాత ఓపికను బట్టి మిగిలినవి. ఆ వీధి ఫోటోలు కంప్యూటరు మ్యాపులో వెతికి పట్టుకున్నాను. ట్రామ్ పట్టాలు, పక్కన వరసగా కొట్లు, ఒక కొట్టు గుమ్మంలో చెక్కల్లాంటి చేపలు. తెర ఆవిడ వైపు తిప్పి, "ఇదేనేమో చూడండి," అన్నాను గొప్పగా.

ఆవిడ చాలాసేపు చూశారు. "అదే అయ్యుంటదండి. కానీ ఇందులో వాసన రాదు కదండీ," అన్నారు.

రెండోసారి కాగితాలు పెడితే ఎంబసీ నుంచి ఫోన్ కూడా రాలేదు. వీసా వచ్చింది. 2024 మార్చిలో ఇద్దరూ వెళ్ళారు. ఆ వారం రోజులూ ఆఫీసులో నా మనసు నిలవలేదు. వేరేవాళ్ళకు పారిస్ హోటళ్ళు వెతుకుతూ కూడా, ఈపాటికి ఆవిడ ఆ వీధిలో ఉంటారు కదా అనుకునేదాన్ని. ఇన్నేళ్ళలో ఏ ఊరి మీదా పుట్టని ఆశ నాకూ ఆ ఊరి మీద పుట్టింది.

తిరిగొచ్చిన నాలుగో రోజున మంగమ్మగారు కాగితం పొట్లంతో ఆఫీసుకు వచ్చారు. తమ కొట్లోని ఎండు రొయ్యలు నాకోసం తెచ్చారు.

"కొట్టు కనబడిందా?" అన్నాను కూర్చోమనడం కూడా మరిచిపోయి.

"కనబడిందండి. ఆయన చెప్పినట్టే చెక్కల్లాగ పేర్చి ఉన్నాయి. ఎదురుగుండా నిలబడ్డాను. లోపలికి కూడా ఎల్లాను."

"మరి వాసన? మీ కొట్టు వాసనేనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు. కళ్ళు నిండాయి.

"కాదండి. అసలు పోలికే లేదు. వాళ్ళది వొట్టి ఉప్పు వాసన. మన చేప వాసన ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదండి. నాలుగు రోజులూ ఎల్లి చూశాను, రాలేదు. పుట్టింది మొదలు చేపల్లో బతికిన మనిషండి ఆయన. ఆ తేడా తెలీదా? అయినా అచ్చం నీ వాసనే అన్నాడంటే..."

కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఎంత బెంగపెట్టుకున్నాడో చూడండి."

ఆవిడ వెళ్ళిపోయాక కూడా పొట్లం బల్ల మీదే ఉంచాను. రూమ్ ఫ్రెషనర్ జోలికి పోలేదు.

అచ్చు పోసిన కవర్ లెటర్ ఆ రోజే తీసేశాను. ఇప్పుడు యూరప్ అంటూ ఎవరొచ్చినా పాస్‌పోర్టు చేతికి తీసుకునే ముందే ఒక మాట అడుగుతాను: "ఆ ఊరి సంగతి మీకు ఎవరు చెప్పారండీ?" చాలామంది ఫోన్లో చూశామంటారు. వాళ్ళకు పారిస్, స్విట్జర్లాండ్ చూపిస్తాను. ఎప్పుడో ఒకరు మాత్రం తమ మనిషినెవరినో తలుచుకుని తల దించుకుంటారు. అప్పుడు కంప్యూటరు కట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంటాను.