యాలకుల టీ

పక్క దుకాణంలో యాలకులు దంచి టీ కాచినప్పుడల్లా నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. మార్కాపురంలో నేను పనిచేసిన పలకరాయి ఫ్యాక్టరీలో ఆ వాసన వచ్చిందంటే, ఆ పూట ఎవరిదో పని పోయినట్టే.

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు మనుషులతో మాట్లాడటం నేర్పింది ఆ ఫ్యాక్టరీ యజమానే. ఆయన ఎవరినీ తిట్టి ఎరగడు. అందరినీ తమ్ముడూ అనేవాడు. ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా ఆయన్ని అన్నా అనే పిలవాలి. "మనది కంపెనీ కాదు, కుటుంబం" అనేవాడు. ఎవరినైనా తీసేయాలంటే మాత్రం గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, పింగాణీ కప్పులో యాలకుల టీ ఇచ్చి, అది తాగుతుండగా కబురు చెప్పేవాడు. "మన ఊళ్లో ఇంత ఖరీదైన టీ ఇంకెక్కడా లేదు" అని నేను జోకు వేస్తే, అది విని ఆయనా నవ్వాడు. పనివాళ్లు గొణిగినప్పుడల్లా వాళ్లను నవ్వించమని నన్నే పంపేవాడు.

నాకు కోత మిషను నేర్పిన మస్తాన్ మామ దగ్గి దగ్గి వంగిపోయాడు. రాయిని పొడిగా కోస్తే దుమ్ము లేస్తుంది, రాయిని కోసే బిళ్ల మీద నీళ్లు పడేలా పైపు పెట్టించమని యజమానిని అడిగాడు. మర్నాడు యాలకుల వాసన వచ్చింది.

మామ కూర్చోలేదు. కప్పుతో బయటికొచ్చి, మిషను ఆపి, బిళ్ల మీద టీ మొత్తం పోశాడు.

"నీళ్లడిగితే టీ ఇచ్చినావు గదన్నా. దీనికే పోసినా. కాస్త దుమ్మన్నా అణుగుతాది."

వెనకే వచ్చిన యజమాని పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు.

"ఏంది తమ్ముడూ, నువ్వు నవ్వలేదు?" అన్నాడు నన్ను చూసి.

"నోట్లో దుమ్ము పడతాదని మూసుకున్నానన్నా."

నా భుజం మీద చెయ్యి వేసి, "దా, లోపల కూచుందాం" అన్నాడు. ఇంకో కప్పు వచ్చింది. తాగాను. టీ చాలా బాగుంది. నాకు ఇప్పటికీ మండేది అదే.

మామ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. యజమాని వచ్చి పూలదండ వేసి, "మా కుటుంబం మనిషి" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు గిద్దలూరు రోడ్డులో నాకో చిన్న కోత షెడ్డుంది. ముందు నీళ్ల పైపు వేయించి, తర్వాతే మిషను కొన్నాను. నా దగ్గర పనిచేసే రమణయ్య మొన్న పక్క దుకాణం నుంచి టీ తెచ్చాడు.

"తాగన్నా, యాలకులేసినారు."

"నాకొద్దు."

"ఏం, షుగరా?"

"కాదు, పని పోతాదని భయం."

"ఓనరువి నువ్వే గదన్నా, నిన్నెవడు తీసేది!"

నవ్వుతూ అతని భుజం మీద చెయ్యి వేశాను. తమ్ముడూ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. మింగేసి, చెయ్యి తీసేసి, పేరు పెట్టి పిలిచాను.