పలక దెబ్బకు ఎగిరిన ఒళ్ళు

“పలక కొట్టేది నిలపమను మే,” అన్నాడు నా భర్త, బిగుసుకున్న పళ్ళ సందునుంచి. వాకిట్లో అమ్మవారికి పలక డప్పు మోగుతోంది.

“నిలిపితే అమ్మోరు అలుగుతాది, రోంత ఓర్చుకోప్పా,” అన్నాను. మా ఇద్దరి చివరి మాటలు అవే.

మాది బట్లహళ్ళి. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చేను దున్నుతుంటే మడక కర్రు కాలికి దిగిన వారానికి ఆయన దవడ బిగిసింది. పలక మీద దెబ్బ పడినప్పుడల్లా ఒళ్ళు విల్లులా వంగి ఎగిరేది. అమ్మవారు ఒంట్లోకి వచ్చిందనుకొని ఇంకా గట్టిగా కొట్టించాను.

ఎంతకీ తగ్గకపోతే బండి కట్టి చింతామణికి తీసుకెళ్ళాం. సూది వేసి డాక్టరు, “ఇది ధనుర్వాతమమ్మా. గాయంలో మన్ను పడి వచ్చింది. సద్దు వింటే ఈడ్పులు ఎక్కువవుతాయి. చీకటి గదిలో, సద్దు లేకుండా పెట్టాల్సింది,” అన్నాడు. మరునాడే ఆయన పోయాడు.

ఆయన్ను తీసుకుపోయింది గాయమా, నేను కొట్టించిన పలకా? నాకు ఇప్పటికీ తెలియదు.

నా తమ్ముని కూతురివి, నేను చెప్పిందంతా రాసినావు కదమ్మా. ఏదీ, ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు.