తడవని బియ్యం

నా చెవికమ్మ ఒకటి పోయినప్పుడు, భావనపాడు ఒడ్డున నా దగ్గర చేపలెండబెట్టే ముగ్గురు ఆడవాళ్ల చేతా అమ్మవారి ముందు పసుపు బియ్యం నమిలించాను. దొంగ నోట్లో బియ్యం తడవదని మా నమ్మకం. ఇద్దరు ఉమ్మింది ముద్దగా పడింది. మూడో ఆమెది పొడిపొడిగా రాలింది. ఊరందరి ముందూ దొంగ అని ఆమెను పనిలోంచి తీసేశాను.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న మనవరాలి సైన్సు పుస్తకం కూడబలుక్కుని చదివితే, భయం వేసినప్పుడు గుండె దడదడలాడుతుందనీ, నోరు ఎండిపోతుందనీ, అదంతా మన మాట వినని నరాల పని అనీ ఉంది. స్వయంచోదిత నాడీవ్యవస్థ అట. ఆ నరాలకు భయం తెలుసు గానీ దొంగతనం ఏం తెలుస్తుంది? కమ్మ ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె భయపడిందన్నది ఒక్కటే నేను చూసింది.

ఆమె ఇప్పుడు బారువలో పనిచేస్తోంది. వెళ్లి, తప్పయిపోయిందన్నాను.

"నువ్వు కళ్లెర్రజేసి మీదకొత్తే నోట్లో తడెక్కడుంతాది పెద్దమ్మా?" అంది. "ఊరందరి ముందల దొంగన్నావు. ఇప్పుడు నా సెవిలో సెప్తే ఏటి లాభం?"

మర్నాడు ఒడ్డున అందరినీ పోగేసి, పుస్తకం చదివి, ఆమెను దొంగనడం నా తప్పేనని చెప్పాను.

"ముసిల్దానికి సదువెక్కువైపోనాది" అని ఒకామె నవ్వింది. ఇంకొకామె పక్కవాళ్లకేసి చూస్తూ, "అయితే మరి కమ్మ ఎవులు తీసినట్టు?" అంది.

"సముద్రం తీసినాది. పోయి పని సూడండి" అని కసిరాను.

మళ్లీ పనిలోకి రమ్మని బారువకు కబురు పంపాను. ఆమె ఇంకా రాలేదు.